చలి గంటల లెక్క

వేడి ప్రాంతంలో బ్లాక్‌బెర్రీ నాటిన వాళ్లు మొక్క చచ్చిపోయిందని వాపోవడం అరుదు. బతికింది, ఏపుగా పెరిగింది, కాయడం మాత్రం లేదన్నదే ఎక్కువగా వినిపించే మొర. టెక్సస్ రాష్ట్రంలో గల్ఫ్ తీరానికి దగ్గరగా ఉన్న హ్యూస్టన్ నగరాన్నే తీసుకుందాం. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఊరది. గోంగూర, కరివేపాకు పెరట్లో పెంచుకోగలిగినంత వెచ్చన. వేసవి పగళ్లు 35 డిగ్రీల దగ్గర ఆడతాయి, చలికాలంలో మంచు పడే రోజులు అరుదు. అలాంటి పెరట్లో నాటిన ‘నావహో’ రకం రెండేళ్లలో దుబ్బు కట్టి కంచె మీద వాలుతుంది. మార్చి వస్తుంది, ఏప్రిల్ వస్తుంది. కొమ్మ చివర నాలుగు చిగుళ్లు తప్ప కింది మొగ్గలు కదలవు. పూత పలచన, పిందె అంతకన్నా పలచన. ఎండ ఎక్కువైందనో నేలలో సత్తువ చాలలేదనో అనుకుని ఎరువు వేస్తారు, తడి పెంచుతారు. ఆకు ఇంకా దట్టమవుతుంది, కాపు పెరగదు. నేరం మోపాల్సింది వేసవి మీద కాదు, అంతకు ముందు గడిచిన చలికాలం మీద. వేడి నేలలో బ్లాక్‌బెర్రీ కాపును తేల్చేవి రెండు: మొగ్గకు అందిన చలి, పువ్వు విచ్చే వేళ ఉండే వేడి. ఈ రెంటినీ కలిపి చూస్తే, రకం ఎంచుకోవడమంటే పూత కాలాన్ని ఎంచుకోవడమేనని తేలుతుంది. మిగతా సేద్యమంతా దాని తర్వాతి మాట.

ముందు మొక్క తీరు చూడాలి. బ్లాక్‌బెర్రీ గులాబీ కుటుంబంలోని రూబస్ ప్రజాతికి చెందినది. చూపుకు మల్బరీని పోలి ఉన్నా దానితో దగ్గరి చుట్టరికం లేదు. మల్బరీ పండు ఎన్నో చిన్న పువ్వులు కలిసి అయినది, బ్లాక్‌బెర్రీ ఒక్క పువ్వు నుంచే వస్తుంది. అయిదు తెల్లని రెక్కల నడుమ ఉబ్బెత్తు పుష్పాసనం మీద పదుల కొద్దీ అండాశయాలు గుంపుగా ఉంటాయి. పుప్పొడి అంది గింజ కట్టిన ప్రతి అండాశయం రసం నిండిన ఒక బుడిపె అవుతుంది, ఆ బుడిపెలన్నీ కలిసి పండు. పండును నిలువుగా కోస్తే మధ్యలో తెల్లని మెత్తటి దుంగ కనిపిస్తుంది, అదే పుష్పాసనం. రాస్ప్‌బెర్రీని కోసినప్పుడు అది చెట్టునే ఉండిపోయి పండు బోలుగా వస్తుంది, బ్లాక్‌బెర్రీలో పండుతో పాటే ఊడి వస్తుంది. ఇక కొమ్మల సంగతి. వేళ్లు, దుబ్బు ఏళ్ల తరబడి బతుకుతాయి, కొమ్మ ఆయుష్షు మాత్రం రెండేళ్లే. మొదటి ఏడు నేల నుంచి లేచి ఆకులు వేస్తుంది, రెండో ఏడు పూచి, కాసి, ఎండిపోతుంది. గెల దించాక అరటి చెట్టును నరికి పిలకను నిలబెట్టే మన అలవాటు గుర్తుంటే ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే, అరటికి ఎదుగుదలకూ గెలకూ మధ్య ఆగవలసిన పని లేదు. బ్లాక్‌బెర్రీ కొమ్మ మొదటి ఏటి ఎదుగుదలకూ రెండో ఏటి పూతకూ మధ్య ఒక చలికాలాన్ని దాటాలి.

ఆ చలికాలంలో జరిగేది నిద్ర. పొద్దు కురచబడి చలి మొదలవగానే మొగ్గ సుప్తావస్థలోకి జారుతుంది. వెచ్చదనం తిరిగి రాగానే మేలుకుంటే చాలదా అంటే, చలిదేశాల్లో అది ప్రాణాంతకం. జనవరి నడుమ నాలుగు రోజులు ఎండ కాయగానే చిగురు వేసిన మొక్క, అయిదో రోజు మంచుకు మాడిపోతుంది. అందువల్ల వెచ్చదనాన్ని నమ్మే ముందు చలి ఎంతకాలం గడిచిందో లెక్క చూసుకునే మొక్కలే బతికి బట్టకట్టాయి. తోట శాస్త్రంలో ఆ లెక్కకు పాత కొలమానం చలి గంటలు, అంటే సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో గడిచిన గంటల మొత్తం. నావహో రకానికి 800 నుంచి 900 గంటలు కావాలంటారు, ‘అరాపహో’కు 400 నుంచి 500, ‘నాచెజ్’కు 300 చిల్లర, ‘కయోవా’కు 100 నుంచి 300. చాలినంత చలి అందని మొగ్గలు అసలే లేవవు, లేదా ఒకటి మార్చిలో, ఇంకొకటి మేలో లేస్తాయి. హ్యూస్టన్ పెరట్లో నావహోకు పట్టిన గతి ఇదే. పైగా గంటలు కూడబెట్టడం ఒక్కటే కాదు, పోగొట్టుకోవడం కూడా ఉంది. 1974లో యూటా శాస్త్రజ్ఞులు పీచ్ చెట్లకు కట్టిన లెక్కలో 16 డిగ్రీలు దాటిన గంటలు తీసివేత కింద పోతాయి. రాత్రి చలిగా, పగలు వెచ్చగా ఉండే ఊళ్లలో పాత లెక్క చూపించినంత చలి మొగ్గకు దక్కకపోవడానికి ఒక కారణమిది.

చలి గంటల మాట నర్సరీ వాళ్లు చెప్పే సాకులా వినిపించవచ్చు. దీనికి ప్రయోగాల ఆధారం నూరేళ్ల నాటిది. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ బ్లూబెర్రీ మొక్కల మీద పరిశీలించిన విషయాలను 1920లో వెల్లడించాడు. వెచ్చని గాజు ఇంట్లో ఉన్న మొక్క కొమ్మను ఒకదాన్ని సందులోంచి బయటి చలికి పెడితే, వసంతంలో ఆ కొమ్మే చిగురించింది. లోపల వెచ్చగా ఉన్న కొమ్మలు మోడుల్లా నిలబడ్డాయి. వేరు ఒకటే, నీరు ఒకటే, ఎరువు ఒకటే. దీన్నిబట్టి చలిని లెక్కించేది మొగ్గే కాని వేరు కాదని తెలుస్తుంది. కుండీలో ఐసు ముక్కలు పోస్తే చాలన్న చిట్కా ఎందుకు పనికిరాదో దీంతోనే తేలిపోతుంది. రెండో ఆధారం జన్యువులది. గులాబీ కుటుంబానికే చెందిన పీచ్‌లో, ఎన్నడూ నిద్రపోని ఒక వింత రకం మెక్సికోలో దొరికింది. దానిలో ఒక జన్యు సమూహంలో కొంత భాగం లోపించిందని 2008లో ప్రచురించిన పరిశోధన చూపింది. నిద్ర వాతావరణం మాత్రమే రుద్దేది కాదనీ, మొక్క లోపలే దానికొక తాళం ఉందనీ ఇది చెబుతుంది. తాళం ఉన్న చోట, వదులు తాళాలున్న రకాలను వెతికి పట్టుకోవచ్చు.

అయితే టెక్సస్, ఫ్లోరిడాల్లో బ్లాక్‌బెర్రీకి దగ్గరి చుట్టాలైన అడవి డ్యూబెర్రీలు రోడ్ల పక్కన ఎవరూ నాటకుండానే విరగకాస్తాయి కదా, వాటికి చలి ఎక్కడిది అని అడగవచ్చు. మంచి ప్రశ్న, జవాబు కూడా అందులోనే ఉంది. నేల మీద పాకే ఆ దక్షిణాది డ్యూబెర్రీ ఎన్నో తరాలుగా వెచ్చని శీతాకాలాల్లోనే బతికింది. ఆ ప్రాంతంలో 800 గంటలు అడిగే మొక్కలు గింజ వేయకుండానే అంతరిస్తాయి. అంటే చలి గంటల సూత్రానికి డ్యూబెర్రీ మినహాయింపు కాదు, తక్కువ గంటలతో సరిపెట్టుకునే గుణానికి గని. దాన్ని మొదట తవ్వినవాళ్లు టెక్సస్ వ్యవసాయ శాస్త్రజ్ఞులే. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో హెల్గె నెస్ అక్కడి డ్యూబెర్రీని రాస్ప్‌బెర్రీతో కలిపి ‘నెస్‌బెర్రీ’ని సృష్టించాడు. నెస్‌బెర్రీ సంతతి నుంచి 1959లో ‘బ్రాజోస్’ అనే రకం టెక్సస్ పెరళ్లకు వచ్చింది. ఒళ్లంతా ముళ్లు, పండు పులుపు, గింజ పెద్దది. అయినా అది కాసింది, ఆ తీరంలో అన్నిటికన్నా ముఖ్యం అదే. 1964లో జేమ్స్ మూర్ ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన బ్లాక్‌బెర్రీ అభివృద్ధి కార్యక్రమం బ్రాజోస్‌ను తల్లిదండ్రుల్లో ఒకటిగా తీసుకుని 1974లో ‘కమాంచీ’, ‘చెరోకీ’లను విడుదల చేసింది. బ్రెజిల్ శాస్త్రజ్ఞులు కమాంచీ రక్తాన్ని కలిపి తీసిన ‘టూపి’ 1988లో రైతుల చేతికొచ్చింది. తక్కువ చలితో కాపు అన్న గుణం రోడ్డు పక్క తీగ నుంచి ఈ విధంగా ఖండాలు దాటింది.

టూపి నిజమైన కథ బ్రెజిల్‌లో కన్నా మెక్సికోలో నడిచింది. మిచోకాన్ రాష్ట్రంలోని లోస్ రేయెస్ లోయ ఉష్ణమండలంలో ఉంది. టూపి అడిగే కొద్దిపాటి చలికీ అక్కడ హామీ లేదు. అయినా అమెరికా అంగళ్లలో చలికాలమంతా దొరికే తాజా బ్లాక్‌బెర్రీలు ఎక్కువగా అటునుంచే వస్తాయి. అక్కడి రైతులు వాడే కిటుకు మొక్కకు నిద్ర ఇవ్వడం కాదు, దాన్ని నిద్రలోకి పూర్తిగా జారనివ్వకపోవడం. కొమ్మ ముదిరాక రసాయనాలతో ఆకులు రాల్చి, కొసలు కత్తిరించి, హార్మోన్లు చల్లి మొగ్గలను తట్టి లేపుతారు. ఈ పని తోట తోటకూ వేర్వేరు వారాల్లో చేస్తారు గనుక అక్టోబరు నుంచి జూన్ దాకా కోత సాగుతుంది. తెలుగు రైతుకు ఇందులో వింతేమీ లేదు. ద్రాక్ష కూడా చలికి ఆకు రాల్చే తీగే. దక్కను పీఠభూమి మీద దాన్ని ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించి, మొగ్గకు హైడ్రోజన్ సయనమైడ్ పూసి ఫలం రాబడతారు. అనంతపురం దానిమ్మ తోటల్లో బహార్ పట్టడమంటే నీళ్లు ఆపి, ఎథ్రెల్ అనే మందు కొట్టి, ఆకు రాల్చడమే. దానిమ్మది చలి గంటల ఇబ్బంది కాదు గాని, పూత కాలం రైతు చేతిలోకి రావడమన్న సూత్రం ఒకటే.

మరి పెరటి బ్లాక్‌బెర్రీకీ ద్రాక్షకు పూసే ఆ మందే కొట్టకూడదా? కొట్టకూడదు. హైడ్రోజన్ సయనమైడ్ ఒంటికి తగిలినా, పీల్చినా హాని చేసే విషం. తొడుగులు, కొలతలు, శిక్షణ ఉన్న తోటల కోసమే అది. పిల్లలు తిరిగే పెరట్లో రెండు దుబ్బుల పండ్ల కోసం దాన్ని తేవడం కొరివితో తల గోక్కోవడమే. మెక్సికో పద్ధతిలో హానిలేని భాగాన్ని మాత్రం తీసుకోవచ్చు. శీతాకాలం చివరన పాత ఆకులు కొమ్మనే పట్టుకుని ఉంటే చేత్తో దూసెయ్యడం, కొమ్మ కొసలను కత్తిరించి కింది మొగ్గల మీది పెత్తనాన్ని తీసెయ్యడం ఎవరైనా చేయగలిగిన పనులు. ఇవి తక్కువ చలి రకానికి సాయపడతాయే గాని, 800 గంటల రకాన్ని 200 గంటల రకంగా మార్చవు. మొక్కనంతా శీతల గిడ్డంగిలో పెట్టి చలి ఇచ్చే మార్గం కూడా ఉంది. యూరప్‌లో పొడుగు కొమ్మలున్న కుండీ మొక్కలను అలా చలి పట్టించి రైతులకు అమ్ముతారు. అందుకు వారాల తరబడి గది నిండా చలి కావాలి, ఇంటి ఫ్రిజ్‌తో కుదిరేది కాదు.

చలి సమస్యను దాటే మరో దారి ఇంకా తెలివైనది. మొదటి ఏటి కొమ్మ మీదే పూస్తే నడుమ చలికాలంతో పనేముంది? అలా పూసే అడవి మొక్క ఒకటి వర్జీనియాలో దొరికింది, పేరు ‘హిల్‌క్విస్ట్’. 1967లో ఆర్కన్సాలో దాన్ని బ్రాజోస్‌తో కలిపారు. తొలి తరం మొక్కల్లో ఆ గుణం పైకి కనిపించలేదు. మళ్లీ మళ్లీ కలిపి, ఏరి, దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత 2004లో ‘ప్రైమ్-జాన్’, ‘ప్రైమ్-జిమ్’లను విడుదల చేశారు. తర్వాత 2009లో ‘ప్రైమ్-ఆర్క్ 45’, మరి కొన్నేళ్లకు ముళ్లు లేని ‘ప్రైమ్-ఆర్క్ ఫ్రీడమ్’ వచ్చాయి. ఈ రకాల్లో వసంతంలో నేల నుంచి లేచిన కొమ్మ అదే ఏడు వేసవిలో చివర పూత పెడుతుంది. ఇక చలి గంటల గొడవ తీరిపోయినట్టే కదా, ఈ లెక్కంతా పాత ముచ్చటే కదా అనవచ్చు. చలి మాట వరకు అది నిజం. అయితే చలిని తప్పించుకున్న పూత నేరుగా వేసవి నోట్లో పడుతుంది. ఉష్ణోగ్రత 29 డిగ్రీలు దాటే కొద్దీ పుప్పొడికి, కీలాగ్రానికి శక్తి తగ్గుతుంది, 35 దగ్గర పూలే తగ్గిపోతాయి. ఇందాక చూసిన పువ్వును గుర్తు చేసుకుంటే ఫలితం ఊహించుకోవచ్చు. గింజ కట్టని ప్రతి అండాశయం పండులో ఒక ఖాళీ. నూరు బుడిపెలకు బదులు ఇరవై ముప్పై బుడిపెలతో వంకర టింకరగా, వేలితో తాకగానే విడిపోయే కాయ మిగులుతుంది. ఆర్కన్సా వేసవిలోనే ఈ రకాలు తడబడ్డాయి. సముద్రపు గాలితో చల్లగా ఉండే కాలిఫోర్నియా తీరంలో మాత్రం చక్కగా నిలదొక్కుకున్నాయి. పండు మీద అక్కడక్కడ తెల్ల బుడిపెలు కనిపించడం కూడా వేడితో కలిసిన తీక్షణమైన ఎండ పనే. తెగులేదో పట్టిందని మందు కొట్టడం దండగ, పలచని షేడ్‌నెట్ చాలు.

మొగ్గకు చలి, పూతకు వేడి అనే ఈ రెండు ఘట్టాలనూ క్యాలెండర్ మీద పక్కపక్కన పెడితే హ్యూస్టన్ పెరటికి దారి దొరుకుతుంది. కయోవా, నాచెజ్ లాంటి తక్కువ చలి రకాల్లో రెండో ఏటి కొమ్మ మార్చి, ఏప్రిల్‌లలో పూసి, మే, జూన్‌లలో పండుతుంది. అంటే మండుటెండ ముదరకముందే పువ్వు పని ముగుస్తుంది. ఆ తీరంలో వీటిదే ప్రధాన స్థానం. మొదటి ఏడే కాసే రకాలు పెడితే, వాటి పూతను ఎండాకాలం నుంచి తప్పించాలి. కొత్త కొమ్మ నడుము ఎత్తుకు రాగానే కొస తుంచి, పక్క రెమ్మలు పెరిగాక వాటి కొసలూ తుంచితే పూత వెనక్కి జరుగుతుంది. సెప్టెంబరు చివర విచ్చిన పువ్వు అక్టోబరు, నవంబరులలో పండు అవుతుంది. వేడి నేలకు ఒక సౌలభ్యం కూడా ఉంది. ఎదుగుదల కాలం పొడుగు కాబట్టి, జూన్‌లో కోత అయిపోగానే కాసిన కొమ్మలతో పాటు దుబ్బంతా నేలమట్టంగా కోసేసినా, చలికాలంలోపు కొత్త కొమ్మలు మళ్లీ ఎదుగుతాయి. దక్షిణాదిలో మొగ్గను గుత్తిగా మార్చి కాపు చెడగొట్టే రోసెట్ తెగులుకు ఇదే మంచి మందు, శిలీంధ్రానికి దాక్కునే కొమ్మే ఉండదు. చలిదేశపు పుస్తకం చూసి చేసేవాళ్లకు ఈ కోత దుస్సాహసంలా కనిపిస్తుంది, అక్కడ మొక్కకు అంత గడువు ఉండదు మరి.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మైదానాలకు ఇదే లెక్క వేస్తే జవాబు ఇంకా కటువుగా వస్తుంది. హైదరాబాద్‌లో చలికాలపు రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా 14, 15 డిగ్రీల దగ్గర ఉంటుంది, 7 కన్నా కిందికి దిగడమే అపురూపం. విజయవాడలో ఆ ఊసే లేదు. చింతపల్లి దగ్గరి లంబసింగి లాంటి కొండ ఊళ్లు వేరు. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రులు 5 డిగ్రీల లోపుకు దిగుతాయి, స్ట్రాబెర్రీ సాగు కూడా సాగుతోంది. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో యాపిల్ కాసినప్పుడు బ్లాక్‌బెర్రీ ఎందుకు కాయదని అడగవచ్చు. ఆ యాపిల్ సిమ్లా రకం కాదు, వేడి ప్రాంతాల కోసం ఏరిన తక్కువ చలి రకం. కనుక ఆ ఉదాహరణ ఈ వాదననే బలపరుస్తుంది. మైదానంలో ప్రయత్నించదగినది మొదటి ఏడే పూసే రకం ఒక్కటే. దాన్ని వేసవిలో షేడ్‌నెట్ కింద బతికించుకుని, వానల్లో లేచిన కొమ్మల కొసలు తుంచి, పగటి వేడి 28 డిగ్రీల చుట్టూ ఉండే డిసెంబరుకు పూతను జరపాలి. నల్లరేగడి నేలలో సున్నం ఎక్కువ కాబట్టి మొక్కకు ఇనుము అందదు, ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపు తిరుగుతుంది. ఎర్రమట్టి, బాగా మాగిన ఎరువు కలిపిన పెద్ద కుండీ మేలు. ఆన్‌లైన్‌లో అమ్మే గింజల పొట్లాలను నమ్ముకోవడం వృథా. గింజ పెంకు గట్టిది, మొలకెత్తడానికి దానికీ చలి కావాలి, మొలిచినా తల్లి గుణం రాదు. మొక్కను విదేశం నుంచి సంచిలో పెట్టి తేవడం అంతకన్నా తప్పు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దానికి అనుమతి, తనిఖీ తప్పనిసరి.

ఆ ఉత్తర్వు వట్టి కాగితాల తంతు కాదనడానికి రూబస్ చరిత్రే సాక్ష్యం. హిమాలయాల్లో ‘హిసాలు’ అని ఇష్టంగా తినే పసుపు పండు హవాయి అడవులను కమ్మేసింది. మన ఉపఖండానికే చెందిన మరో రూబస్ జాతి గాలపగోస్ దీవుల్లో స్థానిక మొక్కలను తొక్కేస్తోంది. ఇలాంటి మొక్కను పెరట్లోకి తేవడమే తప్పని దీన్నిబట్టి కొందరు వాదిస్తారు. ఆ హెచ్చరికను కొట్టిపారేయలేం గాని, అందరికీ ఒకే కొలత కాదు. హవాయి, గాలపగోస్ కొండల మీద ఆ జాతులకు కావలసిన చల్లదనం, తేమ ఏడాది పొడుగునా ఉన్నాయి. హైదరాబాద్ మే నెలలో షేడ్‌నెట్ లేకపోతే నిలవలేని మొక్క అడవిని ఆక్రమిస్తుందన్న భయం తక్కువ. లంబసింగి, అరకు లాంటి చల్లని కొండల అంచున మాత్రం ఆ భయం సహేతుకమే. అక్కడ కుండీ దాటనివ్వకూడదు, పిట్టలు గింజలు మోసుకుపోకుండా వల కప్పాలి. అంటే మొక్క ఎక్కడ బాగా కాస్తుందో అక్కడే దాని మీద కన్నేసి ఉంచాలి. కాపుకు అనుకూలమైన వాతావరణమే వ్యాప్తికీ అనుకూలం. కనుక నర్సరీలో పండు ఎంత తీపి, ముళ్లున్నాయా లేదా అన్న ప్రశ్నల కన్నా ముందు అడగవలసినవి రెండు: ఈ రకానికి ఎన్ని చలి గంటలు కావాలి, మన ఊళ్లో ఇది ఏ నెలలో పూస్తుంది? మొదటి సంఖ్య మీ ఊరి చలికాలం ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువైనా, రెండో జవాబు 30 డిగ్రీలు దాటిన నెల అయినా, ఆ మొక్కను కొనకపోవడమే మంచిది. ఆ రెండూ కుదిరిన రకం దొరికితే, ఎరువు కొద్దిగా తక్కువైనా, కత్తిరింపు కొంచెం అటూ ఇటూ అయినా అది కాస్తుంది.